ఫ్రీజ్ కాస్టింగ్ పద్ధతిలో రాగి ఫోమ్ తయారు చేసి, దాని బలాన్ని కొలవడం ఎలా?

ఎం.టెక్ ప్రాజెక్టు కోసమో, పిహెచ్.డి. తొలి ఏడాదిలోనో రంధ్రాలున్న లోహాన్ని స్వయంగా తయారు చేసి పరీక్షించాలనుకునే విద్యార్థుల కోసం ఈ వివరణ రాస్తున్నాను. అనంతపురం, కర్నూలు, కడప ప్రాంతాల కాలేజీల్లో దీనికి కావలసిన పరికరాలన్నీ ఒకే గదిలో దొరకడం అరుదు. అయితే విడివిడిగా చూస్తే అవి మనకు మరీ దూరంగా ఏమీ లేవు. ఫ్రీజ్ డ్రయ్యర్ (మంచును కరగనివ్వకుండా ఆవిరి చేసే యంత్రం) ఫార్మసీ కాలేజీలో ఉంటుంది. ద్రవ నైట్రోజన్ పశువుల కృత్రిమ గర్భధారణ కోసం పశుసంవర్ధక శాఖ వారు క్రమం తప్పకుండా తెప్పించుకుంటారు. మఫుల్ ఫర్నేస్ దాదాపు ప్రతి మెటలర్జీ, కెమిస్ట్రీ ప్రయోగశాలలోనూ ఉంటుంది. కొనవలసిన వాటిలో ఖరీదైనది వాయువు పంపడానికి వీలున్న ట్యూబ్ ఫర్నేస్ ఒక్కటే, అది కూడా ఏదో ఒక విభాగంలో ఉండే అవకాశం ఉంది కాబట్టి ముందుగా విచారించండి.

పద్ధతి వెనుక ఉన్న సూత్రం ఇది. సన్నని పొడి కలిపిన నీటిని ఒక వైపు నుంచి మాత్రమే చల్లబరిస్తే, మంచు ఆ చల్లని వైపు నుంచి వెచ్చని వైపుకు పలచని పలకలుగా పెరుగుతుంది. మంచు స్ఫటికంలో పొడి రేణువులకు చోటు ఉండదు కాబట్టి పెరిగే మంచు వాటిని పక్కకు నెడుతుంది. ఆ రేణువులు రెండు మంచు పలకల మధ్య సందులో ఒత్తుగా పేరుకుని గోడగా మారతాయి. తర్వాత మంచును కరగనివ్వకుండా నేరుగా ఆవిరి చేస్తే మంచు ఉన్న చోటు రంధ్రంగా, పొడి ఉన్న చోటు గోడగా మిగులుతుంది. గోడలను ఫర్నేస్‌లో కాల్చి గట్టిపరిస్తే పని పూర్తవుతుంది. ఈ పద్ధతిని 1954లోనే అమెరికాలో వేడిని తట్టుకునే పింగాణీ భాగాల తయారీకి పరిశీలించారు. 2006లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన తర్వాత ప్రపంచమంతటా దీని మీద ఆసక్తి పెరిగింది, ఆ తర్వాత లోహాలకూ విస్తరించింది.

ఈ పని మొదలుపెట్టే వారు ఒక విషయాన్ని మనసులో స్థిరంగా ఉంచుకోవాలని నా కోరిక. రంధ్రాల శాతం ఎంత అని చెప్పినంత మాత్రాన ఈ లోహం బలాన్ని చెప్పినట్లు కాదు. గోడలు ఏ దిశలో నిలబడ్డాయి, ఎంత మందంగా ఉన్నాయి, ఒక గోడకూ పక్క గోడకూ మధ్య అతుకులు ఎంత దూరానికి ఒకటి ఉన్నాయి అన్నవే బలాన్ని నిర్ణయిస్తాయి, ఆ మూడూ గడ్డకట్టే ఆ గంటసేపట్లోనే తేలిపోతాయి. అందుకే కింద ఆ దశకు ఎక్కువ చోటు ఇచ్చాను.

పొడిని ఎంచుకోవడం

రాగి ఫోమ్ కావాలంటే రాగి పొడితోనే మొదలుపెట్టాలని అనిపించడం సహజమే, కానీ అది మంచి దారి కాదు. సన్నని రాగి పొడి నీటిలో ఆక్సీకరణ చెందుతుంది, కొంచెం లావు పొడి అయితే గడ్డకట్టే లోపే అడుక్కు చేరుతుంది. అందువల్ల నల్లని కాపర్ ఆక్సైడ్ పొడితో ఆకారాన్ని తయారు చేసుకుని, చివరలో హైడ్రోజన్‌తో దానిలోని ఆక్సిజన్‌ను తొలగించి రాగిగా మార్చడం మేలు.

రేణువు పరిమాణం ఎంత ఉండాలో ఊహించనవసరం లేదు, లెక్క కట్టవచ్చు. కాపర్ ఆక్సైడ్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 6.31 గ్రాములు. స్టోక్స్ నియమం ప్రకారం 10 మైక్రాన్ల వ్యాసమున్న రేణువు నీటిలో గంటకు దాదాపు ఒక మీటరు వేగంతో కిందికి దిగుతుంది, 1 మైక్రాన్ రేణువు గంటకు సుమారు ఒక సెంటీమీటరు, 0.1 మైక్రాన్ రేణువు గంటకు ఒక మిల్లీమీటరులో పదో వంతు మాత్రమే దిగుతాయి. మన నమూనా గడ్డకట్టడానికి అరగంట నుంచి గంట పడుతుంది. కాబట్టి ఒక మైక్రాన్ కంటే బాగా తక్కువ పరిమాణం ఉన్న పొడినే కొనండి. స్లర్రీ, అంటే పొడి కలిపిన నీరు, చిక్కగా ఉంటే రేణువులు ఇంకా నెమ్మదిగా దిగుతాయి గానీ, దాని మీద ఆధారపడి లావు పొడి వాడకండి.

ఇనుముతో చేయాలనుకునే వారు ఐరన్ ఆక్సైడ్‌తో ఇదే పద్ధతిని అనుసరించవచ్చు. అయితే గచ్చుకు రంగు వేయడానికి మన హార్డ్‌వేర్ దుకాణాల్లో అమ్మే రెడ్ ఆక్సైడ్‌ను దయచేసి వాడకండి. అందులో కలిపే ఇతర ఖనిజాల పొడిని హైడ్రోజన్ ఏమీ చేయలేదు, అవి గోడల్లోనే ఉండిపోయి లోహాన్ని పెళుసుగా మారుస్తాయి. శుద్ధత పత్రంతో వచ్చే ప్రయోగశాల శ్రేణి పొడి తీసుకోవాలి.

స్లర్రీ కలపడం

25 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం, 40 మిల్లీమీటర్ల ఎత్తు నింపే అచ్చుకు దాదాపు 20 మిల్లీలీటర్ల స్లర్రీ పడుతుంది. మూడు నమూనాలకు 60 మిల్లీలీటర్లు కలుపుకుందాం. ఘనపరిమాణంలో 15 శాతం కాపర్ ఆక్సైడ్ కావాలంటే 9 మిల్లీలీటర్ల పొడి, అంటే సుమారు 57 గ్రాములు తూచాలి, మిగిలిన 51 మిల్లీలీటర్లు డిస్టిల్డ్ వాటర్. బోరు నీరు మాత్రం వద్దు. మన ప్రాంతపు నీటిలో ఉండే లవణాలు రేణువుల మీది విద్యుదావేశాన్ని చెడగొట్టి వాటిని ముద్దలు కట్టిస్తాయి.

రేణువులను అంటిపెట్టి ఉంచే బైండరుగా పాలీవినైల్ ఆల్కహాల్‌ను నీటి బరువులో 2 నుంచి 3 శాతం తీసుకోండి. ఇది చన్నీటిలో సరిగా కరగదు. నీటిని 80 నుంచి 90 డిగ్రీల వరకు వేడిచేసి, కలుపుతూ కొద్దికొద్దిగా వేసి, పూర్తిగా కరిగి చల్లారిన తర్వాతే పొడి కలపాలి. పాలీ అక్రిలేట్ రకపు డిస్పర్సెంటును పొడి బరువులో ఒక శాతం లోపు వేస్తే రేణువులు విడివిడిగా నిలుస్తాయి. ఈ మిశ్రమాన్ని జిర్కోనియా గుండ్లతో ప్లాస్టిక్ సీసాలో వేసి బాల్ మిల్ మీద ఒక పగలూ ఒక రాత్రీ తిప్పండి. పొడి తూచేటప్పుడు ఎన్95 మాస్కు, చేతి తొడుగులు తప్పనిసరి. ఇంత సన్నని ఆక్సైడ్ ధూళి ఊపిరితిత్తుల్లోకి వెళ్లకూడదు.

మిల్లు నుంచి తీసిన స్లర్రీలో గాలి బుడగలు ఉంటాయి. డెసికేటరులో పెట్టి వ్యాక్యూమ్ పంపుతో కొన్ని నిమిషాలు లాగితే బుడగలు పైకి తేలి పోతాయి. ఈ పని వదిలేస్తే ఆ బుడగలే గోడల్లో గుండ్రని లోపాలుగా కనిపించి, పరీక్షలో మొదట విరిగే చోట్లవుతాయి. కొంచెం స్లర్రీని పరీక్షనాళికలో పోసి గంటసేపు కదపకుండా ఉంచండి. పైన తేట నీరు కనిపిస్తే ఆ స్లర్రీ గడ్డకట్టించడానికి పనికిరాదు, డిస్పర్సెంటు మోతాదు సరిచేసి మళ్లీ తిప్పాలి.

గడ్డకట్టించడం

అచ్చు అమరిక సులువైనదే. అడుగున రాగి దిమ్మె లేదా లావు రాగి కడ్డీ ఉండాలి, దాని మీద టెఫ్లాన్ లేదా అక్రిలిక్ గొట్టం నిలబెట్టాలి. గొట్టం వేడిని సరిగా ప్రసరింపజేయని పదార్థమే కావాలి, ఎందుకంటే చలి కింది నుంచి మాత్రమే రావాలి. గొట్టం లోపల సిలికాన్ గ్రీజు పలచగా పూసి, కడ్డీతో కలిసే చోట స్లర్రీ కారకుండా మూసేయండి. గొట్టం చుట్టూ కనీసం రెండు అంగుళాల మందం థర్మాకోల్ ఉండాలి. 40 డిగ్రీలు దాటే అనంతపురం వేసవిలో ఈ తొడుగు లేకపోతే పక్కల నుంచి వేడి చొరబడుతుంది, మంచు నిటారుగా కాకుండా వంకరగా పెరుగుతుంది. ఏసీ గదిలోనో, కనీసం తెల్లవారుజామునో ఈ పని పెట్టుకోవడం మంచిది. నీరు గడ్డకట్టినప్పుడు దాదాపు 9 శాతం పెరుగుతుంది కాబట్టి గొట్టాన్ని అంచు దాకా నింపకండి.

కడ్డీ కింది భాగాన్ని ద్రవ నైట్రోజన్‌లో ముంచి, పై భాగానికి చిన్న హీటర్, థర్మోకపుల్ (ఉష్ణోగ్రతను కొలిచే తీగ), ఉష్ణోగ్రతా నియంత్రకం అమర్చడం అసలైన ఏర్పాటు. ద్రవ నైట్రోజన్ ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 196 డిగ్రీలు. హీటరుతో కడ్డీ పై చివరను మనకు కావలసిన వేగంతో, ఉదాహరణకు నిమిషానికి 5 లేదా 10 డిగ్రీల చొప్పున చల్లబరచవచ్చు. నియంత్రకం లేని వారు ఐసు, ఉప్పు మిశ్రమంతో అభ్యాసం చేయవచ్చు. అది సున్నాకు దిగువన 21 డిగ్రీల దాకా వెళుతుంది. కానీ చల్లదనం ఒకే స్థాయిలో ఉన్నప్పుడు మంచు మందం పెరిగే కొద్దీ మంచు అంచు నెమ్మదిస్తుంది, దానితో పైకి వెళ్లే కొద్దీ రంధ్రాలు వెడల్పవుతాయి. అలాంటి నమూనాలో మధ్య భాగాన్ని మాత్రమే పరీక్షకు వాడాలి.

ద్రవ నైట్రోజన్ విషయంలో ఒక హెచ్చరిక. అది ఆవిరైతే దాదాపు 700 రెట్ల ఘనపరిమాణం పెరిగి గదిలోని ఆక్సిజన్‌ను పక్కకు నెడుతుంది, ఊపిరి ఆడటం లేదని మనిషికి తెలిసే లోపే స్పృహ తప్పవచ్చు. తలుపులు, కిటికీలు తెరచి, ఇద్దరుగా మాత్రమే పనిచేయండి. ఏసీ గదిలో చేస్తున్నా బయటి గాలి ధారాళంగా వచ్చే ఏర్పాటు ఉండి తీరాలి. మూత బిగించిన పాత్రలో దాన్ని ఎప్పుడూ ఉంచకండి.

ఇక వేగం సంగతి. మంచు అంచు సాధారణంగా సెకనుకు కొన్ని మైక్రాన్ల నుంచి కొన్ని పదుల మైక్రాన్ల వేగంతో కదులుతుంది. వేగం పెరిగితే పలకల మధ్య దూరం తగ్గుతుంది, అంటే రంధ్రాలు సన్నబడతాయి, గోడలూ పలచబడతాయి. మరీ వేగంగా గడ్డకట్టిస్తే రేణువులను నెట్టే వ్యవధి మంచుకు దొరకక వాటిని తనలోనే చుట్టేసుకుంటుంది, అప్పుడు వరుస నిర్మాణమే రాదు. మరీ నెమ్మదిగా చేస్తే మంచు అంచు చదునుగా సాగి, పొడినంతా పైకి నెట్టుకుపోతుంది. ఈ రెండు హద్దుల మధ్య వేగాన్ని మీరు ఎంచుకోవాలి. ఎంచుకున్న వేగాన్ని కొలిచి తీరాలి, ఎందుకంటే ఇతరుల ఫలితాలతో పోల్చడానికి ఆ ఒక్క అంకె చాలా ముఖ్యం.

నల్లటి స్లర్రీలో మంచు అంచు కంటికి సరిగా కనిపించదు. గొట్టం గోడకు అడుగు నుంచి 10 మిల్లీమీటర్ల ఎత్తులో ఒక సన్నని రంధ్రం, 20 మిల్లీమీటర్ల ఎత్తులో మరొకటి చేసి, వాటి ద్వారా పలుచని థర్మోకపుల్ తీగలు లోపలికి పెట్టి అంటించండి. ఒక్కో తీగ చూపే ఉష్ణోగ్రత సున్నా దగ్గర కాసేపు ఆగి, తర్వాత కిందికి జారుతుంది. ఆ జారే క్షణమే మంచు అంచు అక్కడికి చేరిన క్షణం. రెండు తీగల మధ్య 10 మిల్లీమీటర్లు దాటడానికి 600 సెకన్లు పడితే వేగం సెకనుకు సుమారు 17 మైక్రాన్లు.

అడుగు భాగం గురించి ముందే తెలుసుకోవాలి. స్లర్రీ సున్నా డిగ్రీల దగ్గర వెంటనే గడ్డకట్టదు, అంతకంటే కొన్ని డిగ్రీలు చల్లబడి ఒక్కసారిగా గడ్డకడుతుంది. ఆ కుదుపులో రాగిని ఆనుకుని ఉన్న పలచని పొర ఏ వరుసా లేకుండా దట్టంగా తయారవుతుంది. దాని పైన స్ఫటికాలు ఒకదానితో ఒకటి పోటీపడి, ఉష్ణం ప్రవహించే దిశకు అనుకూలంగా ఉన్నవి గెలిచి పైకి సాగుతాయి. మంచు స్ఫటికం తన షట్కోణ తలంలో పెరిగే వేగంతో పోలిస్తే దానికి లంబ దిశలో వందల రెట్లు నెమ్మదిగా పెరుగుతుంది, అది పలకగా సాగడానికి కారణం ఇదే. రాగి ముఖాన్ని ఎమరీ కాగితంతో కాస్త గరుకు చేస్తే మంచు తొందరగా మొలకెత్తి ఆ కుదుపు తగ్గుతుంది. ఎంత తగ్గినా అడుగున 3 మిల్లీమీటర్లు కోసి పారేయండి, ఆ భాగం మీ కొలతల్లోకి రాకూడదు.

ఇంకొక సంగతి కూడా ఉంది. చలి కింది నుంచి మాత్రమే వస్తే పలకలన్నీ నిలువుగానే ఉంటాయి గానీ, పై నుంచి చూసినప్పుడు ఒక గుంపు ఒక వైపుకు, పక్క గుంపు మరో వైపుకు తిరిగి ఉంటాయి. నమూనా అంతటా ఒకే వైపు పలకలు కావాలంటే రాగి మీద ఏటవాలుగా కోసిన సిలికాన్ రబ్బరు దిమ్మెను పెట్టి, దాని మీద స్లర్రీ పోయాలి. రబ్బరు పలచగా ఉన్న వైపు ముందుగా గడ్డకట్టి, మంచు పైకీ పక్కకూ ఒకేసారి సాగుతుంది, పలకలన్నీ ఒకే తీరుగా అమరుతాయి. మొదటి ప్రయత్నానికి ఇది అవసరం లేదు, అడ్డ దిశలో బలాన్ని శ్రద్ధగా కొలవాలనుకునే వారికి మాత్రం ఇది తప్పదు.

మంచును తీసేయడం

గడ్డకట్టిన దిమ్మెను ముందే చల్లబరచిన కడ్డీతో గొట్టంలోంచి నెట్టి, ఆలస్యం చేయకుండా ఫ్రీజ్ డ్రయ్యరులో పెట్టండి. ఫార్మసీ కాలేజీ వేరే ప్రాంగణంలో ఉంటే థర్మాకోల్ పెట్టెలో, డీప్ ఫ్రీజరులో గడ్డకట్టించిన చల్లని ప్యాకెట్ల మధ్య తీసుకెళ్లాలి. దారిలో పైపొర కొంచెం కరిగినా గోడలు కూలి ముద్దవుతాయి, అది మళ్లీ సరికాదు.

పీడనం 611 పాస్కల్ కంటే తక్కువ ఉన్నప్పుడు నీరు ద్రవంగా నిలవలేదు, మంచు నేరుగా ఆవిరవుతుంది. డ్రయ్యరు లోపల పీడనం 100 పాస్కల్ దగ్గర ఉంటే మంచు సున్నాకు దిగువన 20 డిగ్రీల ప్రాంతంలో నిలకడగా ఉండి ఉత్పతనం చెందుతుంది, అది సురక్షితమైన స్థితి. ఈ పరిమాణపు నమూనాకు ఒక రోజు నుంచి మూడు రోజుల దాకా పట్టవచ్చు. కొన్ని గంటలకొకసారి తూచి, బరువు మారడం ఆగిన తర్వాత మాత్రమే బయటికి తీయండి.

కాల్చడం, రాగిగా మార్చడం

ఎండిన దిమ్మె వేలు గట్టిగా తగిలినా పొడి రాలేంత సున్నితంగా ఉంటుంది. అందుకని ముందు మామూలు గాలిలో, మఫుల్ ఫర్నేస్‌లో నిమిషానికి ఒకటి రెండు డిగ్రీల చొప్పున 500 డిగ్రీల దాకా వేడిచేసి బైండరును కాల్చివేయండి. తర్వాత 700 నుంచి 800 డిగ్రీల మధ్య గంటసేపు ఉంచితే చేత్తో పట్టుకోగల బలం వస్తుంది. ఇక్కడ అంతకంటే ఎక్కువ కాల్చవద్దు. ఆక్సైడ్ గోడ మరీ దట్టంగా మారితే లోపలికి హైడ్రోజన్ చేరడం కష్టమవుతుంది. చల్లారాక బరువు తూచి రాసుకోండి, ఆ అంకె మనకు తర్వాత కావాలి. ట్యూబ్ ఫర్నేస్ వేరే ఊళ్లో ఉంటే నమూనాను పంపదగిన స్థితి కూడా ఇదే.

రాగిగా మార్చడానికి శుద్ధ హైడ్రోజన్ వాడవద్దని గట్టిగా చెబుతున్నాను. గాలిలో 4 నుంచి 75 శాతం వరకు ఏ నిష్పత్తిలో కలిసినా హైడ్రోజన్ అంటుకుంటుంది. ఆర్గాన్‌లో 5 శాతం హైడ్రోజన్ కలిపిన సిలిండరు తెప్పించుకోండి. ముందు శుద్ధ ఆర్గాన్‌తో గొట్టంలోని గాలినంతా వెళ్లగొట్టి, తర్వాతే ఈ మిశ్రమాన్ని వదలాలి. బయటికి వచ్చే వాయువును నీటి బబ్లర్ ద్వారా కిటికీ బయటికి పంపాలి.

తక్కువ హైడ్రోజన్ వాడితే ఎక్కువ సమయం పడుతుంది, దాన్ని కూడా లెక్క కట్టుకోవచ్చు. 18 గ్రాముల కాపర్ ఆక్సైడ్‌కు దాదాపు 5.5 లీటర్ల హైడ్రోజన్, అంటే 110 లీటర్ల మిశ్రమ వాయువు కావాలి. నిమిషానికి 200 మిల్లీలీటర్ల ప్రవాహంతో, ఒక్క అణువు కూడా వృథా కాలేదనుకున్నా, తొమ్మిది గంటలు దాటుతుంది. వాస్తవంలో దానికి రెట్టింపు వేసుకోండి. 300 డిగ్రీల దగ్గర నిలిపి ఈ చర్యను నెమ్మదిగా సాగనివ్వాలి. ఇది వేడిని విడుదల చేసే చర్య కాబట్టి తొందరపడి ఉష్ణోగ్రత పెంచితే గోడలు తమంతట తామే వేడెక్కి పగుళ్లు పట్టవచ్చు. గొట్టం చల్లని చివర నీటి బిందువులు చేరడం కనిపిస్తుంది, కొత్త బిందువులు రావడం ఆగితే చర్య ముగింపుకు వచ్చినట్లు. ఆ తర్వాత అదే వాయువులో 850 నుంచి 900 డిగ్రీలకు పెంచి కొన్ని గంటలు సింటర్ చేయండి, అంటే కరగకుండానే రేణువులు ఒకదానితో ఒకటి అతుక్కునేలా వేడిలో ఉంచండి. రాగి 1085 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి దాని దరిదాపులకు వెళ్లవద్దు. రాత్రంతా సాగే ఈ పనిలో కరెంటు పోయినా నమూనాకు నష్టం లేకుండా చూసేది వాయు ప్రవాహమే, దాన్ని కరెంటుతో పనిచేసే వాల్వుకు వదిలేయకుండా చేత్తో తిప్పే వాల్వుతో నడపండి. చల్లబడి 100 డిగ్రీల లోపుకు వచ్చే దాకా గొట్టం తెరవకూడదు.

బయటికి తీయగానే మళ్లీ తూచండి. కాపర్ ఆక్సైడ్ పూర్తిగా రాగిగా మారితే బరువు 20.1 శాతం తగ్గుతుంది. 18 గ్రాములు 14.4 గ్రాములు కావాలి. 15 గ్రాములు చూపితే లోపల ఆక్సైడ్ మిగిలిందని అర్థం, మళ్లీ వాయువులో పెట్టండి. రాగి రంగు వచ్చిందని మాత్రమే చూసి సరిపెట్టుకోకండి, రంగు పైపొరది.

నమూనా ఎంత కుంచించుకుపోతుందో చూసి ఆశ్చర్యపోనవసరం లేదు. 15 శాతం ఆక్సైడ్‌తో మొదలుపెట్టినా గడ్డకట్టేటప్పటి వ్యాకోచం వల్ల అది దాదాపు 14 శాతం అవుతుంది. రాగిగా మారేటప్పుడు ఘనపదార్థం తన ఘనపరిమాణంలో 44 శాతం కోల్పోతుంది, కాబట్టి కొలతలు అలాగే ఉంటే రాగి 8 శాతమే ఉండాలి. కొలతలు అలాగే ఉండవు. పొడవు, వ్యాసం ఒక్కొక్కటి 35 శాతం తగ్గితే రాగి 28 శాతానికి చేరుతుంది, 40 శాతం తగ్గితే 36 శాతం అవుతుంది. అంటే అంతిమ సాంద్రతను స్లర్రీ ఎంత నిర్ణయిస్తుందో సింటరింగ్ కూడా అంతే నిర్ణయిస్తుంది. అచ్చును పెద్దదిగా తీసుకున్న కారణం ఇదే.

నిర్మాణాన్ని చూడటం

నమూనాను మామూలు హ్యాక్సాతో కోస్తే మెత్తని రాగి గోడలు నలిగి రంధ్రాలు మూసుకుపోతాయి. వైర్‌కట్ యంత్రం ఉన్న వర్క్‌షాపులో కోయించడం ఉత్తమం. అది దొరకకపోతే కరిగించిన పారఫిన్ మైనాన్ని రంధ్రాల్లో నింపి, గట్టిపడ్డాక సన్నని డైమండ్ చక్రంతో నెమ్మదిగా కోసి, తర్వాత మైనాన్ని కరిగించి తీసేయండి. ఒక ముక్కను వ్యాక్యూమ్‌లో ఎపాక్సీ నింపి, పాలిష్ చేసి, మామూలు మెటలర్జికల్ సూక్ష్మదర్శినితో చూస్తే చాలు.

మూడు కొలతలు తీసుకోవాలి: గోడ మందం, రంధ్రం వెడల్పు, ఒకే గోడ మీద ఒక అతుకు నుంచి తర్వాతి అతుకుకు దూరం. ఫోటో మీద గోడలకు అడ్డంగా గీతలు గీసి, ఎన్ని గోడలను దాటాయో లెక్కించి సగటు తీయవచ్చు. ఇమేజ్ జె అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దీనికి సరిపోతుంది. మూడో కొలతను చాలా మంది వదిలేస్తారు, నా దృష్టిలో మాత్రం అదే అన్నింటికంటే విలువైనది. సన్నని గోడ ఒరిగిపోయే ప్రతిబలం (ఒక్కో ప్రమాణ వైశాల్యం మీద పడే బలం) దాని మందానికీ, అతుకుల మధ్య స్వేచ్ఛగా ఉన్న పొడవుకూ ఉన్న నిష్పత్తి వర్గాన్ని బట్టి ఉంటుంది. అతుకుల మధ్య దూరం సగమైతే గోడ ఒరగడానికి నాలుగు రెట్ల ప్రతిబలం కావాలి. రంధ్రాల శాతం ఒకటే ఉన్న రెండు నమూనాలు వేర్వేరు బలం చూపడానికి తరచూ కారణం ఇదే.

నొక్కి పరీక్షించడం

రంధ్రాలున్న లోహాలను నొక్కి పరీక్షించడానికి ఐ.ఎస్.ఓ. 13314 అనే ప్రమాణం 2011లో వచ్చింది. నమూనా ప్రతి కొలతా కనీసం 10 మిల్లీమీటర్లు, రంధ్రం పరిమాణానికి పది రెట్లు ఉండాలి, ఎత్తు వ్యాసానికి ఒకటి నుంచి రెండు రెట్ల మధ్య ఉండాలి. 12 మిల్లీమీటర్ల వ్యాసం, 15 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న స్తూపం మనకు వీలైనది. అది 4.56 గ్రాములు తూగితే సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.69 గ్రాములు, రాగి సాంద్రత 8.96తో భాగిస్తే సాపేక్ష సాంద్రత 0.30, అంటే రంధ్రాలు 70 శాతం.

కాలేజీలో ఇనుప కడ్డీలను లాగడానికి వాడే 40 టన్నుల, 100 టన్నుల యంత్రం దీనికి పనికిరాదు. మన నమూనా 10 మెగాపాస్కల్ దగ్గర లొంగితే, అంటే శాశ్వతంగా నలగడం మొదలుపెడితే, బలం 1131 న్యూటన్లు మాత్రమే, 100 టన్నుల యంత్రానికి అది తన సామర్థ్యంలో వెయ్యో వంతు. 10 లేదా 50 కిలోన్యూటన్ల లోడ్‌సెల్ (బలాన్ని కొలిచే భాగం) ఉన్న యంత్రాన్ని ప్లాస్టిక్ విభాగంలోనో, టెక్స్‌టైల్, పాలిమర్ ప్రయోగశాలలోనో వెతకండి. రెండు నొక్కుడు పలకలకూ గ్రీజు రాసి, నిమిషానికి 0.9 మిల్లీమీటర్ల వేగంతో నొక్కితే వికృతి (మొదటి ఎత్తులో తగ్గిన వంతు) రేటు సెకనుకు 0.001 అవుతుంది.

గీసిన వక్రరేఖలో మూడు భాగాలు కనిపిస్తాయి. మొదట నిటారుగా ఎక్కే భాగం, తర్వాత గోడలు ఒకదాని వెనుక ఒకటి ఒరిగే పొడవాటి మెట్ట, చివర గోడలన్నీ ఒకదాన్నొకటి తాకి మళ్లీ నిటారుగా లేచే భాగం. 20 నుంచి 30 శాతం వికృతి మధ్య ప్రతిబలం సగటును మెట్ట ప్రతిబలంగా తీసుకుంటారు. సాపేక్ష సాంద్రత 0.30 ఉన్న ఫోమ్‌లో చివరి లేపు సుమారు 58 శాతం వికృతి దగ్గర మొదలవుతుందని అంచనా. సింటర్ చేసిన రాగి మెత్తగా ఉండి, నొక్కే కొద్దీ గట్టిపడుతుంది కాబట్టి మెట్ట చదునుగా కాక కాస్త ఎగువాలుగా ఉండటం సహజం. రంపపు పళ్లలా ఎగుడుదిగుడుగా వస్తే మాత్రం గోడలు వంగడం లేదు, విరుగుతున్నాయి. లోపల ఆక్సైడ్ మిగిలిందనో, సింటరింగ్ చాలలేదనో అర్థం. బరువు లెక్కను మరోసారి చూడండి.

మొదటి ఎక్కుడు భాగం వాలు నుంచి యంగ్ గుణకం (సాగడానికీ, నొక్కుకుపోవడానికీ పదార్థం చూపే నిరోధాన్ని చెప్పే అంకె) తీయకండి. నమూనా ముఖాలు పూర్తిగా సమాంతరంగా లేకపోవడం వల్లా, యంత్రమే కొంత సాగడం వల్లా ఆ వాలు నిజం కంటే చాలా తక్కువ వస్తుంది. మెట్ట ప్రతిబలంలో 70 శాతం దాకా నొక్కి, 20 శాతానికి వదిలి, మళ్లీ నొక్కి, ఆ వదిలినప్పటి వాలును వాడాలి. నమూనాకే ఎక్స్‌టెన్సోమీటర్ (పొడవులో మార్పును నేరుగా కొలిచే పరికరం) తగిలిస్తే ఇంకా మేలు.

ఇప్పుడు దిశ సంగతి. తాడిపత్రి, బేతంచెర్ల వైపు పాలిష్ ఫ్యాక్టరీల ముందు నాపరాయి బండలను అంచు మీద నిలబెట్టి ఉంచడం మీరు చూసే ఉంటారు. మన గోడలు అలా నిలబడిన బండలే, మధ్య మధ్య చిన్న అతుకులతో. మంచు పెరిగిన దిశలో నొక్కితే బలమంతా గోడల పొడవునా ప్రయాణిస్తుంది. అడ్డంగా నొక్కితే గోడలు వంగి, సందులు మూసుకుపోతాయి.

దీన్ని అంకెల్లో పెట్టి చూద్దాం. గోడలన్నీ నొక్కే దిశలో నిటారుగా ఉండి బలాన్ని సమంగా మోస్తే, గుణకం సాపేక్ష సాంద్రతకు నేరుగా అనుపాతంలో ఉంటుంది: రాగికి 120 గిగాపాస్కల్ అనుకుంటే 36 గిగాపాస్కల్. గోడలు వంగడం ద్వారానే బలాన్ని మోసే సాధారణ ఫోమ్‌కు గిబ్సన్, ఆష్బీ అనే శాస్త్రవేత్తల సూత్రం ప్రకారం సాపేక్ష సాంద్రత వర్గాన్ని తీసుకోవాలి: సుమారు 11 గిగాపాస్కల్. లొంగుబాటు ప్రతిబలానికీ ఇలాంటి రెండు లెక్కలే, కాకపోతే రెండో లెక్కలో వర్గానికి బదులు సాపేక్ష సాంద్రత 1.5 ఘాతాన్ని తీసుకుని 0.3తో గుణించాలి. మెత్తబరచిన రాగికి 70 మెగాపాస్కల్ తీసుకుంటే మొదటి లెక్కలో 21, రెండో లెక్కలో 3.5 మెగాపాస్కల్ వస్తాయి. నిలువు దిశలో మీ ఫలితం ఈ రెండింటి మధ్య ఎక్కడ పడిందో చూస్తే గోడలు ఎంత నిటారుగా ఉన్నాయో, అతుకులు ఎంత సాయపడ్డాయో తెలుస్తుంది. కింది అంకె కంటే కూడా తగ్గితే సూక్ష్మదర్శిని దగ్గరికి తిరిగి వెళ్లి గోడల్లో పగుళ్లు, సింటర్ కాని రేణువుల గుంపులు వెతకాలి.

అందువల్ల ఒకే దిమ్మె నుంచి నిలువు దిశలో కనీసం ఒకటి, అడ్డ దిశలో కనీసం ఒకటి చొప్పున స్తూపాలు కోయించండి. దానికి దిమ్మె చాలకపోతే, ఒకే స్లర్రీ నుంచి ఒకే వేగంతో గడ్డకట్టించిన రెండు దిమ్మెలను వాడండి. ఫలితం రాసేటప్పుడు ప్రతి అంకె పక్కన దిశ, మంచు అంచు వేగం, గోడ మందం ఉండాలి. వీలైతే ఒక అదనపు స్తూపాన్ని 10 శాతం వికృతి దగ్గర ఆపి, బయటికి తీసి, ఎపాక్సీ నింపి నిలువుగా కోసి చూడండి. గోడలు అతుకుల మధ్య ఒరిగాయా, అతుకుల దగ్గరే చిరిగాయా అన్నది ఆ ఫోటోలో నేరుగా కనిపిస్తుంది. ఒరిగి ఉంటే తర్వాతి స్లర్రీలో పొడి శాతాన్ని కొంచెం పెంచండి, అతుకులు దగ్గర దగ్గరగా వస్తాయి. చిరిగి ఉంటే పొడి శాతాన్ని ముట్టుకోకుండా సింటరింగ్ సమయాన్ని పెంచండి.